స్టేషన్ వ్యాగన్‌లో పొడవైన, భారీ వస్తువుల రవాణా: హోసూరు–కృష్ణగిరి ప్రాంతం

స్టేషన్ వ్యాగన్ తరహా కార్లలో వెనక సీట్లు మడిచి, ప్రయాణికుల గదినే సరుకు గదిగా మార్చి, మామూలు డిక్కీలో పట్టని వస్తువులను తీసుకెళ్లే పద్ధతి ఇది. పైపులు, ప్లైవుడ్ పలకలు, నిచ్చెనలు, పరుపులు, బీరువాలు, పండ్ల పెట్టెలు, నర్సరీ మొక్కలు ఇలా ప్రయాణించే సరుకుల్లో ముఖ్యమైనవి. తమిళనాడు వాయవ్య కొసన, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుల్లో ఉన్న హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో పరిశ్రమలు, మామిడి తోటలు, పూలసాగు పక్కపక్కనే ఉన్నాయి. అందువల్ల ఈ తరహా రవాణాకు సంబంధించిన దాదాపు అన్ని అంశాలూ ఇక్కడ కనిపిస్తాయి.

నిర్వచనం

కారు పైకప్పు వెనక చివరిదాకా సాగి, సరుకు గదికీ ప్రయాణికుల గదికీ మధ్య గోడ లేకుండా, వెనక నిలువు తలుపు ఉన్న వాహనాన్ని స్టేషన్ వ్యాగన్ అంటారు. బ్రిటన్‌లోనూ, ఆ ప్రభావంతో భారత్‌లోనూ దీన్ని ఎస్టేట్ అని కూడా పిలుస్తారు. సెడాన్‌లో డిక్కీ విడిగా ఉంటుంది. హ్యాచ్‌బ్యాక్‌లో వెనక తలుపు ఉన్నా వెనక చక్రాల తర్వాత కారు పొడవు తక్కువ.

ఈ వ్యాసంలో స్టేషన్ వ్యాగన్ అన్న మాటను విస్తృతార్థంలో వాడడం జరిగింది. అసలు ఎస్టేట్ కార్లు భారత్‌లో తక్కువగా అమ్ముడయ్యాయి. సీట్లు మడిచి సరుకు వేసుకునే అవసరాన్ని ఇక్కడ ఎంపీవీలు (మూడు వరుసల సీట్ల కుటుంబ వాహనాలు), వ్యాన్‌లు, జీపు తరహా వాహనాలు తీర్చాయి కనుక వాటినీ ఇందులో చేర్చారు.

"పొడవైన" వస్తువు అంటే సాధారణంగా ఆరడుగులు దాటినది. "భారీ" అన్న మాట బరువు కన్నా ఎక్కువగా పరిమాణాన్ని సూచిస్తుంది. పరుపు తేలికైనా చోటు ఎక్కువ తింటుంది. గ్రానైట్ పలక చోటు తక్కువ తీసుకున్నా బరువు ఎక్కువ. ఈ రెండింటికీ అమరిక పద్ధతులు వేరు.

చరిత్ర

ప్రపంచంలో: 1910, 1920 దశకాల్లో అమెరికాలో స్వతంత్ర బాడీ తయారీదారులు ఫోర్డ్ మోడల్ టీ ఛాసిస్ మీద చెక్క బాడీలు కట్టి, రైల్వే స్టేషన్ల నుంచి ప్రయాణికులనూ వారి సామానునూ చేరవేసే బళ్లు తయారు చేశారు. 1929లో ఫోర్డ్ సంస్థ మోడల్ ఏ శ్రేణిలో తానే స్టేషన్ వ్యాగన్‌ను అందించింది. 1935లో షెవ్రొలే సబర్బన్, 1946లో విల్లీస్ జీప్ స్టేషన్ వ్యాగన్ ఉక్కు బాడీతో వచ్చాయి. చెక్క బాడీకి కావలసిన నిరంతర మరమ్మతు దీంతో తప్పింది. 1980 దశకంలో అమెరికాలో క్రైస్లర్ మినీవ్యాన్‌లు, యూరప్‌లో రెనో ఎస్పాస్ రాకతో కుటుంబ సరుకు రవాణా ఎత్తైన వాహనాల వైపు మళ్లింది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలక పడుతుందా లేదా అన్నది అమెరికాలో పెద్ద కార్ల సరుకు గదికి వాడుక కొలమానమైంది.

భారత్‌లో: మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టింది. వాటి నుంచి పుట్టిన పొడవాటి రకాలు పల్లెల్లో మనుషులకూ సరుకుకూ ఉమ్మడి బండ్లయ్యాయి. 1984లో వచ్చిన మారుతి వ్యాన్, తర్వాతి పేరు ఓమ్ని, పక్కకు జరిగే తలుపుతో, చదునైన నేలతో చిన్న వ్యాపారుల వాహనంగా స్థిరపడింది. దాని ఉత్పత్తి 2019లో ఆగింది. 1992లో టాటా ఎస్టేట్, తర్వాత మారుతి బలేనో ఆల్టూరా, 2004లో టాటా ఇండిగో మెరీనా అసలు ఎస్టేట్ రూపంలో వచ్చినా సెడాన్లంత ఆదరణ పొందలేదు. 1994లో టాటా సుమో, 2000లో టొయోటా క్వాలిస్, 2005లో ఇన్నోవా, 2010లో మారుతి ఈకో, 2012లో ఎర్టిగా ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

హోసూరు–కృష్ణగిరిలో: 1970 దశకం నుంచి తమిళనాడు ప్రభుత్వ సంస్థ సిప్కాట్ పారిశ్రామిక వాడల వల్ల హోసూరు తాలూకా కేంద్రం స్థాయి నుంచి పారిశ్రామిక నగరంగా ఎదిగింది. టీవీఎస్ 50 మోపెడ్ 1980లో ఇక్కడి నుంచే విడుదలైంది. అదే సంవత్సరం అశోక్ లేలాండ్ కర్మాగారం, 1980 దశకం రెండో భాగంలో టైటాన్ గడియారాల కర్మాగారం వచ్చాయి. 2004 ఫిబ్రవరిలో ధర్మపురి జిల్లాను విభజించి కృష్ణగిరి జిల్లాను ఏర్పాటు చేశారు. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. ఇళ్ల నిర్మాణం, చిన్న వర్క్‌షాపులు, అద్దె ఇళ్ల మార్పిడి పెరిగే కొద్దీ లారీ అక్కర్లేని, ద్విచక్ర వాహనానికి మించిన సరుకు కూడా పెరిగింది.

భౌగోళిక నేపథ్యం

హోసూరు బెంగళూరుకు సుమారు 40 కి.మీ., కృష్ణగిరి హోసూరుకు సుమారు 50 కి.మీ. దూరంలో 44వ జాతీయ రహదారి మీద ఉన్నాయి. చెన్నై వైపు వెళ్లే 48వ జాతీయ రహదారి కృష్ణగిరి దగ్గర విడిపోతుంది. అనంతపురం, మదనపల్లె, పలమనేరు, కుప్పం మీదుగా వచ్చే 42వ జాతీయ రహదారి కృష్ణగిరిని రాయలసీమతో కలుపుతుంది. హోసూరుకు రైలు మార్గం ఉంది, కృష్ణగిరి పట్టణానికి లేదు. అందువల్ల గృహ, వ్యవసాయ సరుకు ప్రధానంగా రోడ్డు మీదే కదులుతుంది.

సముద్రమట్టానికి హోసూరు సుమారు 900 మీ., కృష్ణగిరి సుమారు 500 మీ. ఎత్తులో ఉన్నాయి. సూళగిరి తర్వాత మేలుమలై ప్రాంతంలో రోడ్డు కొండల మధ్య దిగుతుంది. దిగుడులో సరుకు ముందుకూ, ఎక్కుడులో వెనక్కూ జారే ప్రమాదం ఉన్నందున ఈ మార్గంలో కట్టు ముఖ్యమైన అంశం (చూ. సరుకును కట్టే విధానం).

హోసూరు, బాగలూరు, బేరికె, తళి, డెంకణికోట, వేపనపల్లి ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. సరిహద్దుకు అటూ ఇటూ పెళ్లిళ్లు, పండుగలు, వ్యవసాయ లావాదేవీలు నడుస్తాయి. పెళ్లి సారె, మంచాలు, బీరువాలు, అరటి బోదెలు, చెరకు గడలు మూడు రాష్ట్రాల మధ్య కార్లలో ప్రయాణించడానికి ఇదొక కారణం.

వాహన రకాలు

అసలు ఎస్టేట్ కార్లు: నేల తక్కువ ఎత్తులో ఉండడంతో సరుకు ఎక్కించడం తేలిక. పైకప్పు కూడా తక్కువ ఎత్తులో ఉంటుంది కనుక ఫ్రిజ్ వంటి నిలువు వస్తువులు పట్టవు. ఈ ప్రాంతంలో అరుదు.

ఎంపీవీలు: ఇన్నోవా, ఎర్టిగా వంటి మూడు వరుసల వాహనాలు. రెండో తరం ఎర్టిగాలో సీట్లన్నీ నిలిపి ఉంటే సరుకు గది 209 లీటర్లు, మూడో వరుస మడిస్తే 550, రెండో వరుస కూడా మడిస్తే 803 లీటర్లు అని తయారీదారు ప్రకటించారు. ఇన్నోవాలో మూడో వరుస సీట్లు రెండు పక్కలకూ మడతపడి నిలుస్తాయి. అవి పైభాగంలో వెడల్పును తగ్గిస్తాయి.

వ్యాన్‌లు: ఓమ్ని, ఈకో. ఇంజను ముందు సీట్ల కింద ఉండడం వల్ల మొత్తం పొడవులో ఎక్కువ భాగం లోపలి గదికే దక్కుతుంది. పక్క తలుపు జరుగుతుంది కాబట్టి ఇరుకు సందుల్లోనూ సరుకు దించవచ్చు.

జీపు తరహా వాహనాలు: సుమో, బొలెరో. వీటి వెనక తలుపు పక్కకు తెరుచుకుంటుంది. పైకి లేచే తలుపుకు ఉండే ఎత్తు ఇబ్బంది దీనికి లేదు. తెరిచిన తలుపుకు బండి వెనక ఖాళీ స్థలం కావాలి. ఎదురెదురు సీట్లున్న రకాల్లో వాటిని గోడకు మడిస్తే మధ్య దారి పొడవుగా మిగులుతుంది.

కొలతలు, చోటు లెక్క

లీటర్లలో చెప్పే సామర్థ్యం వస్తువు పొడవు గురించి ఏమీ చెప్పదు. పొడవైన వస్తువు పట్టాలంటే ఐదు కొలతలు కావాలి: వెనక తలుపు ద్వారం ఎత్తు, వెడల్పు, మడిచిన సీట్ల మీదుగా నేల పొడవు, రెండు వీల్ ఆర్చ్‌ల (వెనక చక్రాల మీది ఉబ్బుల) మధ్య దూరం, నేల నుంచి పైకప్పుకు ఎత్తు. ద్వారం సాధారణంగా లోపలి గది కన్నా ఇరుకు. లోపల చోటున్నా గుమ్మం దాటని వస్తువులు ఉంటాయి కాబట్టి ముందు ద్వారాన్నే కొలవాలి.

సన్నని వస్తువును మూలకు మూలగా వాల్చితే నేల పొడవు కన్నా ఎక్కువ పడుతుంది. ఉదాహరణకు నేల పొడవు 2 మీ., వెడల్పు 1.1 మీ., ఎత్తు 0.9 మీ. ఉన్న గదిలో ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు దూరం సుమారు 2.45 మీటర్లు. ఎనిమిదడుగుల కర్ర 2.44 మీటర్లు. లెక్క ప్రకారం అది సరిగ్గా సరిపోవాలి. మూలలు గుండ్రంగా ఉండడం, కర్రకు మందం ఉండడం వల్ల వాస్తవంలో ఏడున్నర అడుగుల దాకే నమ్మదగింది. అంతకు మించిన వస్తువును ముందు రెండు సీట్ల మధ్య సందులోంచి డ్యాష్‌బోర్డు వైపు పంపాలి. గేర్ కడ్డీకి, హ్యాండ్ బ్రేకుకు, డ్రైవర్ మోచేతికి అది అడ్డు రాకూడదు.

సరుకుల రకాలు

ప్లైవుడ్: 8×4 అడుగుల పలక 2,440×1,220 మి.మీ. ఉంటుంది. 18 మి.మీ. మందం పలక సుమారు 30 కిలోలకు పైగా తూగుతుంది. ఎంపీవీల్లో వీల్ ఆర్చ్‌ల మధ్య దూరం సాధారణంగా నాలుగడుగులకు తక్కువ కనుక పలక నేల మీద పరుచుకోదు. వాల్చి పెట్టబోతే ద్వారం ఎత్తు అడ్డొస్తుంది. అందువల్ల వడ్రంగి ఇచ్చిన కొలతల ప్రకారం పలకను దుకాణంలోనే 8×2 లేదా 4×4 ముక్కలుగా కోయించి వేసుకోవడం వాడుక.

పైపులు, కమ్మీలు: పీవీసీ పైపులు ఎక్కువగా 3 మీ., 6 మీ. పొడవుల్లో దొరుకుతాయి. 3 మీ. పైపు చాలా కార్లలో వెనక తలుపు నుంచి డ్యాష్‌బోర్డు దాకా చేరుతుంది. 6 మీ. పైపును కోయకుండా కారులో తేలేరు. 12 మీ. పొడవుతో వచ్చే ఇనుప కమ్మీలు కారు సరుకు కావు. బిందుసేద్యపు సన్నని గొట్టాలు చుట్టలుగా వస్తాయి కాబట్టి పొడవు సమస్య లేదు, చుట్ట వ్యాసం ద్వారంలో పడితే చాలు.

గ్రానైట్: కృష్ణగిరి, బర్గూరు ప్రాంతం గ్రానైట్ గనులకు, పాలిష్ కర్మాగారాలకు పేరుపొందింది. వంటగట్టు కోసం 8×2 అడుగుల, 18 మి.మీ. మందం ముక్క ఒక్కటే 70 కిలోలు దాటుతుంది. పలకను పడుకోబెడితే గతుకులకు మధ్యలో విరుగుతుంది. అందుకే దాన్ని చెక్క చట్రానికి ఆనించి, అంచు మీద నిలబెట్టి తీసుకెళతారు. అలాంటి చట్రం కారులో అమర్చడం కష్టం కనుక చిన్న ముక్కలకే కారు తగినది.

మామిడి: కృష్ణగిరి జిల్లాలో తోతాపురి ప్రధాన రకం, దాని గుజ్జు తీసే కర్మాగారాలు ఇక్కడ ఉన్నాయి. ప్లాస్టిక్ క్రేటులో సుమారు 20 కిలోల పండు పడుతుంది. 15 క్రేట్లు 300 కిలోలు. ఏడు సీట్ల కారు మనుషులతో కలిపి మోయగల బరువు స్థూలంగా 500 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. చోటు మిగిలినా బరువు హద్దు ముందే వస్తుందన్నదానికి ఇది ఉదాహరణ. కింది క్రేట్ల పండు నలగకుండా, గాలి ఆడేలా వరుసలు పేర్చాలి.

పూలు, మొక్కలు: హోసూరు చుట్టుపక్కల పాలీహౌస్‌లలో గులాబీ సాగు విస్తారంగా ఉంది. కోసిన గులాబీలు అట్టపెట్టెల్లో ప్రయాణిస్తాయి. వాటికి బరువు కన్నా వేడి ప్రమాదం. నర్సరీ మొక్కలను కుండీ వెనక తలుపు వైపు, కొమ్మలు ముందుకు ఉండేలా వాల్చి, ఆకులకు గోనెపట్టా చుడతారు. కిటికీ గాలికి ఆకులు చిరగకుండా అద్దాలు మూయాలి.

గృహోపకరణాలు: ఉక్కు బీరువా సాధారణంగా ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉంటుంది. వెనక్కి పడుకోబెడితే రెండు వరుసలు మడిచిన పెద్ద ఎంపీవీలోకి ఎక్కించవచ్చు. తలుపులకు తాళం వేసి, అద్దం ఉన్న వైపు పైకి ఉంచాలి. ఫ్రిజ్‌ను వీలైనంతవరకు నిలువుగానే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పారుతుంది. అలా తెచ్చినప్పుడు కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయాలి. దూది, ఫోమ్ పరుపులను వంచవచ్చు. స్ప్రింగ్ పరుపును మడిస్తే లోపలి చట్రం పాడవుతుంది.

సరుకును కట్టే విధానం

బరువైన వస్తువు అడుగున, ముందు సీటు వీపుకు ఆనుకొని ఉండాలి. తేలికవి పైన. వెనక ఇరుసుకు అవతల బరువు పెరిగితే ముందు చక్రాల మీద ఒత్తిడి తగ్గి స్టీరింగ్ పట్టు సడలుతుంది. హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడతాయి. వెనక టైర్లలో గాలిని నిండు బరువుకు తయారీదారు సూచించిన మేరకు పెంచాలి.

గట్టిగా బ్రేకు వేసినప్పుడు సరుకు తన బరువులో సుమారు 80 శాతం బలంతో ముందుకు తోస్తుంది. నున్నని ప్లాస్టిక్ నేల మీద రాపిడి దీన్ని ఆపలేదు. అందుకే నేల మీద గోనె లేదా రబ్బరు పరుపు వేసి, సరుకును రెండు దిక్కులా కట్టాలి: ముందుకు జారకుండా ఒకటి, పైకి ఎగరకుండా మరొకటి. రాట్చెట్ బెల్టులు, నైలాన్ తాళ్లు ఇందుకు వాడతారు. సాగే రబ్బరు తాళ్లు తేలిక వస్తువులకే. సరుకు గది నేలలో కొక్కేలుంటే వాటికే కట్టాలి. లేనప్పుడు సీటును బాడీకి బిగించిన ఇనుప కమ్మీలు ఆధారమవుతాయి. తలుపు పిడులకు, ప్లాస్టిక్ భాగాలకు కట్టిన తాడు నిలవదు. పైపుల కట్టను రెండు చివరలా, మధ్యలో బిగించి, ముందు కొనకు గుడ్డ చుడితే అద్దం పగిలే ప్రమాదం తగ్గుతుంది.

భద్రత

గంటకు 50 కి.మీ. వేగం సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి పడిన వస్తువు పొందే వేగానికి సమానం. ఆ వేగంలో కారు గుద్దుకుంటే కట్టని పెట్టె ముందు సీటు వీపును అంతే తీవ్రతతో తాకుతుంది. సరుకును సీటు వీపు ఎత్తుకు మించి పేర్చకపోవడం, పేర్చవలసి వస్తే మధ్య వల కట్టడం ఇందుకే. సరుకు పక్కన ఖాళీ సీటు మీద, మడిచిన సీట్ల మీద మనుషులను, ముఖ్యంగా పిల్లలను కూర్చోబెట్టకూడదు.

వెనక తలుపు తెరిచి నడిపితే బండి వెనక ఏర్పడే అల్పపీడనం పొగను లోపలికి లాగుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మధ్య అద్దంలో వెనక దృశ్యం మూసుకుపోతే రెండు పక్క అద్దాలు సరిగా అమర్చుకోవాలి. ముందు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట వస్తువు కొన ఉండరాదు.

చట్టపరమైన అంశాలు

మోటారు వాహనాల చట్టం, 1988 నిర్వచనం ప్రకారం సరుకు కోసం తయారు కాని వాహనం కూడా సరుకు రవాణాకు వాడినప్పుడు సరుకు వాహనం కిందికి రాగలదు. సొంత ఇంటి సామాను తెచ్చుకోవడం వేరు, కిరాయికి సరుకు వేయడం వేరు. పర్మిట్ లేకుండా రవాణా వాహనంగా నడపడం సెక్షన్ 192ఎ కింద శిక్షార్హం.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 93వ నియమం వాహన కొలతలను, సరుకు బయటికి పొడుచుకురావడాన్ని నియంత్రిస్తుంది. 2019 సవరణతో చేరిన సెక్షన్ 194(1ఎ) ప్రకారం సరుకు పక్కలకు, ముందుకు, వెనక్కు లేదా ఎత్తులో అనుమతించిన హద్దు దాటితే 20,000 రూపాయల జరిమానా, సరుకు దించే ఖర్చు కూడా భరించాలి. ఎర్రగుడ్డ కట్టినంత మాత్రాన ఈ బాధ్యత తొలగదు. సీట్లు శాశ్వతంగా తీసేసి సరుకు గది పెంచడం రిజిస్ట్రేషన్ వివరాలను మార్చే పని కనుక సెక్షన్ 52 పరిధిలోకి వస్తుంది.

అత్తిబెలె–జూజువాడి దగ్గర కర్ణాటక, తమిళనాడు సరిహద్దు ఉంది. 50,000 రూపాయలు మించిన వ్యాపార సరుకు రాష్ట్రాల మధ్య కదిలితే 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు కావాలి. వాహనం సొంత కారైనా ఇది వర్తిస్తుంది. వాడిన ఇంటి సామానుకు మినహాయింపు ఉంది.

ప్రత్యామ్నాయాలు

కారు పైన క్యారియర్ పొడవు సమస్యను కొంత తీరుస్తుంది. అయితే పైకప్పు మోసే బరువు తక్కువ, దాని హద్దు యజమాని పుస్తకంలో ఉంటుంది. హోసూరులో తయారయ్యే టీవీఎస్ ఎక్స్ఎల్ మోపెడ్ పల్లెల్లో పాల క్యాన్లు, కూరగాయల మూటలు మోసే బండి. 2005లో వచ్చిన టాటా ఏస్‌ను తమిళనాట కుట్టి యానై అంటారు. అశోక్ లేలాండ్ 2011లో హోసూరు నుంచే తెచ్చిన దోస్త్ 1.25 టన్నుల సరుకు మోసే చిన్న ట్రక్కు. తెరిచిన తొట్టి ఉన్న ఈ బళ్లు కిరాయికి దొరకడంతో పూర్తి ప్లైవుడ్ పలకలు, గ్రానైట్, బీరువాలు ఎక్కువగా వీటి మీదికే వెళ్లాయి.

ప్రాధాన్యం

స్టేషన్ వ్యాగన్ తరహా వాహనం కుటుంబానికి మరో బండి అవసరం లేకుండా చేస్తుంది. వారమంతా మనుషులను, ఒక్క పూట సరుకును మోస్తుంది. ఎండనూ వాననూ ఆపే మూత, తాళం వేసే తలుపు దీని ప్రధాన లాభాలు. పరుపులు, పూల పెట్టెలు, మొక్కలు, మూడు మీటర్ల లోపు పైపులు దీనికి అనువైనవి. వంద కిలోలు దాటిన ఒకే ముక్క, ద్వారం దాటి బయటికి పొడుచుకొచ్చే వస్తువు చిన్న ట్రక్కుకు తగినవి. దుకాణానికి బయలుదేరే ముందే టేపుతో కారు ద్వారాన్ని, వస్తువును కొలిస్తే కారు, చిన్న ట్రక్కు రెండింటిలో ఏది సరైనదో తేలిపోతుంది.